బుల్లిబాబు బోర్డుకి తూకం గుండు

ఆ పొద్దున బుల్లిబాబు పెట్టుకున్నది చిన్న పనే. జగ్గయ్యపేటలో కొత్తగా తీసుకున్న గదికి బోర్డు బిగించడం, నందిగామ నుంచి వచ్చే సీతారావమ్మ గారి చేత మేడ కట్టే పనికి సరేననిపించుకోవడం. ఇన్నాళ్లూ ఒకరి కింద తాపీ పట్టినవాడికి అది మొదటి సొంత పని. పాత మేస్త్రి కట్టిన ప్రహరీ వీధిలోకి వాలిపోయిందని ఆవిడ కొత్తవాణ్ణి వెతుక్కుంటోంది.

బోర్డు మీద కాగితం తియ్యగానే బుల్లిబాబు తల పక్కకి వంచి చూశాడు. ‘దుర్గాంబ బిల్డర్స్’ అన్న అక్షరాలన్నీ కుడివైపుకి వాలి ఉన్నాయి.

"ఏందయ్యా ఇది, గాలివానకి పడిపోయినట్టు?"

"ఇటాలిక్ అన్నా," అన్నాడు బోర్డు తెచ్చిన డీటీపీ సెంటర్ భవానీప్రసాద్. "మూలలు గుండ్రంగా ఉంటాయి, కంటికి గుచ్చుకోవు. కాస్త వాలితే ముందుకి పరిగెత్తుతున్నట్టుంటాయి. పాల ప్యాకెట్లకీ, స్కూలు బస్సులకీ, ఐస్‌క్రీం బండ్లకీ ఇవే పెడతా."

"బస్సు పరిగెత్తాలి. ఇల్లు పరిగెత్తితే ఎట్టయ్యా?"

మార్చే టైము లేదని భవానీప్రసాద్ వెళ్లిపోయాడు. బుల్లిబాబుకి తెలిసిన వైద్యం ఒకటే. సంచిలోంచి గోడ నిటారు చూసే తూకం గుండు తీసి, దారాన్ని అక్షరాల పక్కన వేలాడదీశాడు. అవి దారానికి సమంగా వచ్చేదాకా బోర్డు కుడి కొస పైకెత్తి మేకులు కొట్టాడు. అక్షరాలు బుద్ధిగా నిలబడ్డాయి. అగరొత్తులు వెలిగించడానికి లోపలికి వెళ్లాడు.

ఎడమ పక్కన టీ కొట్టు కోటిలింగం తల ఎత్తి చూశాడు. అక్షరాలు నిటారుగా ఉన్నాయి, బోర్డేమో ఏటవాలుగా ఉంది. అంటే గదే తన వైపుకి కుంగుతోందని తేల్చుకున్నాడు.

"ఒరే బుల్లిబాబూ! బయటికి రారా, నీ గది నా మీద పడుతోంది!"

అంటూనే స్టవ్వు తెచ్చి రోడ్డు మీద పెట్టాడు. టీ గ్లాసులు చేతుల్లోనే ఉన్న జనం పరిగెత్తుకొచ్చి గోడకి సరుగుడు కర్ర పోటు పెట్టారు. స్టవ్వు అడ్డమై గరికపాడు వైపు వెళ్లే లారీ ఆగింది. దాని వెనక సీతారావమ్మ ఆటో ఆగింది. ఆవిడ తల బయటపెట్టి బోర్డునీ, గోడకి పెట్టిన పోటునీ చూసింది.

"కూలే గదిలో ఉన్నాయనా నాకు మేడ కట్టేది? ఆటో తిప్పవయ్యా!"

బుల్లిబాబు తూకం గుండు పట్టుకుని ఆటోకి అడ్డం పడ్డాడు.

"గోడ నిటారుగానే ఉందండీ! అక్షరాలే వాలినయ్యి. వాటిని నిలబెట్టబోయి బోర్డుని వంచా. మీరే చూసుకోండి."

ఆవిడ దిగి, గోడకి దారం వేలాడదీసి చూసింది. వెంట్రుకంత తేడా లేదు. బోర్డునీ, పోటు కర్రనీ, నడిరోడ్డు మీద పొంగుతున్న టీనీ చూసి పగలబడి నవ్వింది.

"అక్షరం వాలితేనే తట్టుకోలేనోడివి, నా గోడని వాలనిస్తావా? శుక్రవారం వచ్చి పునాదికి ముగ్గు పొయ్యి. అన్నట్టు ఆ అక్షరాలు భలే ఉన్నాయయ్యా, జిలేబీ చుట్టల్లాగా. మా గేటు మీద పేరు వాటితోనే రాయించు. నిలబెడతానని గేటు మాత్రం వంచమాక!"

మేడ లేచింది. గోడలన్నీ నిటారుగా నిలిచాయి. గేటు మీద సీతారావమ్మ పేరు ఒక్కటే ఇప్పటికీ వీధిలోకి పరిగెత్తబోతున్నట్టుంటుంది.