గ్వానాహ్వాతోలో రెండే రోజులు

రుతీలియో ఉద్యోగం చేసినన్నాళ్లూ మోంతెర్రే సిటీ బస్సులకు టైము చూసేవాడు. రిటైరయ్యాక చూడ్డానికి బస్సులు మిగలకపోవడంతో భార్య అమాలియాకి టైము చూడడం మొదలుపెట్టాడు. పాపం, ఆవిడ మాత్రం ఆయన విజిల్‌కి ఏనాడూ కదల్లేదు.

జనవరి మొదట్లో గ్వానాహ్వాతోలో ఉన్న పెద్దమ్మ ఇంటికి వెళ్దామంది అమాలియా.

"రెండు రోజులు," అన్నాడు రుతీలియో.

"బయల్దేరనే లేదు, అప్పుడే తిరుగు ప్రయాణమా?"

"అది స్పెయిన్ వాళ్లు వెండి కోసం కట్టుకున్న ఊరు. ఒకరోజు చర్చిలు, ఒకరోజు సందులు. మూడోరోజు ఏం చూస్తాం? చూసిన చర్చినే వెనకనుంచి చూడాలి."

"వెండి కోసం వాళ్లు మూడొందల ఏళ్లున్నారు. మా పెద్దమ్మ కోసం నువ్వు మూడు వారాలు ఉండలేవా?"

"వాళ్లకి శనివారం పని లేదు!"

శనివారం పని అంటే పెరట్లో మాంసం కాల్చడం. స్నేహితులంతా చుట్టూ చేరతారు, పట్టకారు రుతీలియో చేతిలో ఉంటుంది. రిటైరయ్యాక ఆయనకు మిగిలిన అధికారం అదొక్కటే. ఒక్కవారం ఊళ్లో లేకపోతే ఆ పట్టకారు స్నేహితుడు చేమా చేతికి పోతుంది. చేమా మాంసాన్ని కాల్చడు, దహనం చేస్తాడు.

చివరికి ముగ్గురు రాజుల పండగ రొట్టె తిని, మర్నాడు పొద్దున్నే బయల్దేరాలని ఒప్పందం కుదిరింది. తిరుగు టికెట్లు రుతీలియో ముందే కొని టోపీలో దాచుకున్నాడు. అమాలియా ఇంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకుందా అని ఆయనకు ఒక్క అనుమానమూ రాలేదు.

చోలే పెద్దమ్మ ఇల్లు కొండమీద, మెట్ల సందు చివర ఉంది. రుతీలియో పైకి చేరేసరికి ఆయన ఊపిరి ఇంకా కింది మెట్టు దగ్గరే ఉంది.

"ఎన్నాళ్లుంటావు నాయనా?" అంది పెద్దమ్మ కావలించుకుని.

"రేపు రొట్టె తినగానే..."

"రొట్టె తిని పోవడానికి ఇదేమన్నా బస్టాండా?"

మర్నాటి సాయంత్రం బల్లమీదికి పెద్దమ్మ కాల్చిన రొట్టె వచ్చింది. గుండ్రంగా, నిండా పళ్ల ముక్కలతో ఉంది. లోపల ఎక్కడో బాల యేసు బొమ్మ దాగి ఉంటుంది. ఎవరి ముక్కలో బొమ్మ వస్తే వాళ్లు ఫిబ్రవరిలో కొవ్వొత్తుల పండక్కి అందరికీ తమాలెలు, అంటే మొక్కజొన్న పిండిలో మాంసం కూరి ఆవిరిమీద ఉడికించే పొట్లాలు, వండిపెట్టాలి. తప్పించుకుంటే తరతరాలు చెప్పుకుంటారు.

"అల్లుడూ, ఆ అంజూరపు ముక్క దగ్గర కోసుకో. అక్కడ మెత్తగా కాలింది," అంది పెద్దమ్మ.

రుతీలియో కోశాడు, కొరికాడు. పంటికింద బొమ్మ!

బొమ్మ సంగతి తెలిస్తే ఫిబ్రవరి దాకా ఇక్కడే ఆపేస్తారు. అంటే నాలుగు శనివారాలు. ఈలోగా చేమా ఆ పట్టకారు మీద తన పేరు చెక్కించుకుంటాడు. రుతీలియో గబుక్కున బొమ్మను దవడలోకి తోసేశాడు.

"అల్లుడి బుగ్గ వాచిందేమిటే?" అంది పెద్దమ్మ.

"ఊఁ," అన్నాడు రుతీలియో.

"చాక్లెట్ తాగు నాయనా, వేడిగా ఉంది."

"ఊహూఁ."

"పన్ను నొప్పి పెద్దమ్మా," అంది అమాలియా జాలిగా. "ఈయన నొప్పి నోటితో చెప్పడు, వాపుతో చెప్తాడు."

పెద్దమ్మ ఆయన నోట్లో లవంగం కుక్కింది. దవడకి, నెత్తికి కలిపి రుమాలు కట్టింది. అది చాలక పక్కింటి దొన్ బసీలియోని కేకేసింది. ఆయన రిటైరైన పళ్ల డాక్టరు. పిలుపు కోసమే కాచుకున్నట్టు గుడ్డలో చుట్టిన పట్టకారుతో క్షణంలో ప్రత్యక్షమయ్యాడు.

"చాలా ఏళ్లయిందనుకోండి. చెయ్యి వణుకుతుందిగానీ పట్టు పోలేదు," అన్నాడు ఉత్సాహంగా.

"ఏ పన్ను డాక్టరుగారూ?" అంది అమాలియా.

"ఏదైతేనేం తల్లీ, ముందొకటి లాగి చూద్దాం. ఆ తర్వాత పదిరోజులు బస్సెక్కకూడదు."

పట్టకారు దగ్గరకు వచ్చింది. రుతీలియో కళ్లు మూసుకుని తుపుక్కున ఊశాడు. లవంగం నేలమీద, బొమ్మ పెద్దమ్మ చాక్లెట్ కప్పులో పడ్డాయి.

"ఓరి నా తండ్రీ!" అని పెద్దమ్మ చప్పట్లు కొట్టింది. దొన్ బసీలియో ఉసూరుమంటూ పట్టకారు గుడ్డలో చుట్టేసుకున్నాడు.

"సరే, ఫిబ్రవరికి మళ్లీ వస్తాంలే," అన్నాడు రుతీలియో రుమాలు విప్పుకుంటూ.

"పోయి మళ్లీ రావడం దేనికి?" అంది అమాలియా.

"రెండు రోజుల బట్టలేగా తెచ్చింది! నా బీపీ మాత్రలో?"

"పెట్టె తెరిచి చూడు."

తెరిచాడు. చలికోటు, ఇంట్లో వేసుకునే చెప్పులు, నెలకు సరిపడా మాత్రలు, ఆయన తలగడ. అన్నిటికిందా, తువ్వాల్లో చుట్టి, శనివారం పట్టకారు!

"ఇదేమిటి... మరి చేమా..."

"చేమాకి చెప్పే తెచ్చాను. కొవ్వొత్తుల పండక్కి నీ దండంతా ఇక్కడికే వస్తోంది. తమాలెలు నువ్వే పెడుతున్నావని క్రిస్మస్‌నాడే పిలిచేశాను."

"బొమ్మ నాకే వస్తుందని క్రిస్మస్‌నాడు నీకెలా తెలుసు?"

అమాలియా పెద్దమ్మ వైపు చూసింది. పెద్దమ్మ ఆయన పళ్లెంలోని అంజూరపు ముక్క వైపు చూసింది.

ఆ శనివారం రుతీలియో పెద్దమ్మ డాబామీద మాంసం కాల్చాడు. వాసనకి సందు సందంతా మెట్లెక్కి వచ్చింది. దొన్ బసీలియో కూడా తన పట్టకారుతో సాయం చేస్తానన్నాడు గాని, రుతీలియో దణ్ణంపెట్టి వద్దన్నాడు. పై శనివారానికి జనం రెట్టింపయ్యారు. ఇంత పెద్ద దర్బారు ఆయనకు మోంతెర్రేలో ఎన్నడూ లేదు, ఆ ఆనందం ఆయన మొహంలో దాగలేదు.

కొవ్వొత్తుల పండగ వచ్చింది, వెళ్లింది. చేమా బృందం తమాలెలు కడుపునిండా తిని బస్సెక్కింది.

"ఇక మనమూ రేపు బయల్దేరదామా?" అంది అమాలియా.

రుతీలియో పట్టకారును చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "రేపా? శనివారం ముందు పెట్టుకునా? అయినా..." అంటూ నెత్తి గోక్కున్నాడు. "ఆ పెద్ద చర్చిని వెనకనుంచి ఇంకా చూడనే లేదే!"

అమాలియా మారు మాట్లాడకుండా ఆయన టోపీ తిరగేసి టికెట్లు చూపించింది. వాటిని ఆవిడ మార్చికి మార్పించి అప్పటికే నెలైంది.