ఆగని రంపం, ఆగని విచారణ

“ఈ భూమ్మీద ఇంకా తేలని నేరాలు ఉన్నాయంటే కారణం ఒక్కటే, తాతారావూ. వాటికి నన్నెవులూ పిలవనేదు.”

అంత మాట అని నూకరాజు నల్లకళ్లద్దాలు తీశాడు. అవి ఉంటే రేకుల షెడ్డులో ఆయనకు ఏమీ కనబడటం లేదు.

నూకరాజు రైల్వేలో పార్సిల్ గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. సర్వీసు మొత్తంలో ఒక్కసారి, తప్పిపోయిన చేపలబుట్టను మూడో రోజున కనిపెట్టాడు. మూడో రోజుకు ఆ బుట్టను ముక్కున్న ప్రతివాడూ కనిపెట్టగలడన్న సంగతి ఆయన పట్టించుకోలేదు. అప్పటినుంచి తాల్‌బగీచా పేటలో ఎవరింట్లో చెంచా పోయినా పిలవకుండానే వచ్చేవాడు.

ఈసారి పిలిచే వచ్చాడు. పిలిచింది వినీత మామగారు, రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరైన తాతారావు. వినీతకు అదే దిగులు.

షెడ్డు మధ్యలో చెక్క కోసే రంపం మిషను ఉంది. ఇనుప బల్ల, దాని మధ్యలోంచి పైకి లేచిన పళ్ల చక్రం. మూడేళ్లుగా దానిమీద పనిచేసేది వినీతే. పూజాపీటలు చేసి ఊళ్లో ఇందా అనే బజారులో దుకాణాలకు ఇస్తుంది. దుర్గాపూజకు నలభై పీటలు ఒప్పుకుంది. పదకొండు అయ్యేసరికి మిషనుకు ఏదో పట్టుకుంది. కరెంటు పోయి వస్తే చాలు, ఎవరూ ముట్టుకోకుండానే గిర్రున తిరుగుతోంది. ఎర్రబటను నొక్కితే ఆగుతుంది, వేలు తీస్తే మళ్లీ మొదలు. ప్లగ్గు పీకితే తప్ప ఊరుకోదు. మొన్న కరెంటు లేని వేళ వినీత చక్రం మీది పొట్టు తుడుస్తుండగా కరెంటు వచ్చింది. చేతిలో గుడ్డ పోయింది, చెయ్యి మిగిలింది.

ఆ గుడ్డ పీలికలు చూసి తాతారావు తీర్పు చెప్పేశాడు. “ఇయ్యాల తేలకపోతే పాత ఇనుము కొనే కబాడీవోడికి ఇచ్చేస్తాను. నాలుగింటికి రమ్మన్నాను.”

“స్విచ్చి ఒకసారి చూద్దాం మావయ్యగారూ,” అని వినీత అప్పటికి మూడుసార్లు అడిగింది.

“స్విచ్చి ఎలక్ట్రికల్ డిపార్ట్‌మెంటమ్మా. నాను మెకానికల్. ముప్పైమూడేళ్లలో ఒక్కనాడూ పక్క డిపార్ట్‌మెంటు మీద చెయ్యెయ్యనేదు.”

“ఇది మన ఇల్లు కదండీ.”

“ఇల్లయితే ఏటి, పద్ధతి పద్ధతే.”

పోనీ తనే చూద్దామంటే అత్తగారు శేషారత్నం అడ్డు. విశ్వకర్మ పూజనాడు ఆవిడ మిషనుకు గంధం పూసి, బొట్లు పెట్టి, స్విచ్చిడబ్బా కనబడకుండా బంతిపూల దండ చుట్టి, దారంతో బిగించి కట్టింది. దసరా వెళ్లేదాకా దాన్ని ఎవరూ కదపకూడదని ఆజ్ఞ. ఎర్రబటను నొక్కాలన్నా ఎండిపోయిన పూల మధ్య వేలు దూర్చాల్సిందే.

ఆ వేళ రెండున్నరకే కరెంటు పోయింది. నూకరాజు నోటుబుక్కు తెరిచాడు.

“ముందు ఆ ప్లగ్గు పెట్టు తాతారావూ. నేరం జరిగినప్పుడు ఎలాగున్నాదో అలాగే ఉండాల.” తాతారావు పెట్టాడు. “ఇప్పుడు సాక్షులు. శేషమ్మా, నీకు శత్రువులున్నారా?”

“పూరీ గేట్‌లో మా తోటికోడలు ఉంది అన్నియ్యా.”

“రాసుకున్నాను. ఇటేపు వస్తాదా?”

“వచ్చి పదేళ్లయింది.”

“పదేళ్లు రాకుండా కూకుందంటే ఎంత ఓపిగ్గా పన్నాగం పన్నిందో సూడు.” ఆ తర్వాత వినీత వైపు తిరిగాడు. “మిషను తిరిగినప్పుడల్లా ఇక్కడ ఎవులున్నారు?”

“నేనే బాబాయిగారూ. పని నాది కదా.”

“తాతారావూ, గమనించు. ప్రతిసారీ ఈ అమ్మాయే.”

“నేను లేనప్పుడు తిరిగితే తిరిగినట్టు ఎవరు చెప్తారండీ?”

“నేరస్తులందరూ ఇలాగే తెలివిగా మాటాడతారు,” అని నూకరాజు ‘మిషను నడుపువారు: వినీత’ అని రాసి, కింద రెండు గీతలు గీశాడు. తలకిందులుగా ఉన్నా వినీత చదవగలిగింది. ఆ షెడ్డు విషయంలో తన పేరు ఒకరు కాగితం మీద పెట్టడం మూడేళ్లలో అదే మొదలు. పీటలు బాగున్నాయని ఎవరైనా మెచ్చుకుంటే మామగారు “మా పనే” అని ఊరుకునేవారు.

“ఇక వేలిముద్రలు,” అని నూకరాజు జేబులోంచి పౌడరు డబ్బా తీశాడు. చక్రం పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, తల దాదాపు పళ్లకు ఆనించి పౌడరు చల్లసాగాడు.

వినీత ప్లగ్గు వైపు కదిలింది. “బాబాయిగారూ, ప్లగ్గు పెట్టుంది. ముందు పీకనివ్వండి.”

“సాక్ష్యం ముట్టుకోకు.”

“కరెంటు ఎప్పుడొస్తుందో తెలీదండీ. తల తీయండి.”

“ఎంక్వైరీ అయ్యేదాకా ఏదీ కదపకూడదు కోడలా,” అని తాతారావు ప్లగ్గుకు అడ్డంగా నిలబడ్డాడు. “రూలు.”

ఇక రూలు సంగతి చూడకుండా వినీత మామగారిని పక్కకు నెట్టింది. సరిగ్గా అప్పుడే పౌడరు నూకరాజు ముక్కులోకి పోయింది. ఆయన తుమ్మిన తుమ్ముకు రేకులు అదిరాయి. చెక్కపొట్టు మీద మోకాలు జారింది. పడబోతూ చేతికి దొరికింది పట్టుకున్నాడు. దొరికింది బంతిపూల దండ. దారం తెగింది. స్విచ్చిలో ‘టక్’మంది. నూకరాజు దండతో సహా వెల్లకిలా పడ్డాడు, సన్మానసభలో స్పృహ తప్పినవాడిలా.

ఫ్యాను తిరిగింది. బల్బు వెలిగింది. కరెంటు వచ్చింది.

నలుగురూ చక్రం వైపు చూశారు. రంపం కదల్లేదు.

వినీత ముందు ప్లగ్గు పీకింది. తర్వాత వంగి, నూకరాజు చెవి పక్కకు దొర్లిన వస్తువు తీసింది. బొటనవేలంత పసుపు కొమ్ము. ఇంకా దారం అంటుకునే ఉంది.

“అత్తయ్యగారూ, దీన్ని ఎక్కడ కట్టినారు?”

“పచ్చబటను మీద. మిషను అక్కడే కదా మొదలవుతాది, మంచిదని బిగించి కట్టినాను.”

వినీత అందరినీ వెనక్కి జరగమని ప్లగ్గు పెట్టింది. పచ్చబటను నొక్కి వదిలింది, రంపం తిరిగింది. ఎర్రది నొక్కి వదిలింది, ఆగి ఆగినట్టే ఉంది. మళ్లీ తిప్పి, తిరుగుతుండగా ప్లగ్గు పీకి పెట్టింది. చప్పుడు లేదు.

“కరెంటు పోగానే ఈ స్విచ్చి తనే వదిలెయ్యాలి. మళ్లీ మనం నొక్కితేనే తిరగాలి. మన చేతులు కాయడానికే పెట్టినారు దాన్ని. ఈ కొమ్ము పచ్చబటనును వారం నుంచీ తొక్కిపట్టి కూర్చుంది.”

తాతారావు గోడ వైపు చూశాడు. “అందుకే అన్నాను, ఎలక్ట్రికల్ వాళ్ల తప్పని.”

“దండ మీద నాకు మొదట్నుంచీ అనుమానమే,” అంది నేలమీంచి నూకరాజు గొంతు.

“మరి సెప్పనేదేటి?” అన్నాడు తాతారావు.

“నేరస్తుడు జాగ్రత్తపడిపోతాడని.”

శేషారత్నం కొమ్మును కళ్లకద్దుకుంది. కళ్లు తడిగా ఉన్నాయి. “కాపాడమని కట్టినాను తల్లీ. నీ చెయ్యి తీసుండును. ఆ విశ్వకర్మే అన్నియ్య కాలు జార్చినాడు.”

అంత పని చేసే దేవుడు వారం ముందే ఎవరి కాలో ఒకటి జార్చి ఉండొచ్చు కదా అని వినీతకు అనిపించింది. అయినా, మొన్న గుడ్డ పోయి చెయ్యి మిగిలింది ఎవరి దయవల్లో ఆమెకూ తెలియదు.

“బల్లకాలికి కట్టండి అత్తయ్యగారూ. అక్కడ ఎంత బిగించినా ఫరవాలేదు.”

గేటు దగ్గర తోపుడుబండి ఆగిన చప్పుడైంది. “ఓ దాదా, మెషిన్ దేబేన్?” అని బెంగాలీలో కబాడీవాడి కేక, మిషను ఇస్తారా అని.

తాతారావు గొంతు సవరించుకున్నాడు. కోడలి వైపు చూశాడు, గోడ వైపు చూశాడు, చివరికి, “నువ్వే సెప్పమ్మా,” అన్నాడు.

“దేబో నా, దాదా,” అంటూ వినీత గేటు దాకా వెళ్లి ఇవ్వనని చెప్పి వచ్చింది. కొంగు దోపి, చెక్క అందుకుని, పచ్చబటను నొక్కింది.

అప్పటికి నూకరాజు లేచి, బట్టలు దులుపుకుని, రిపోర్టు రాసేశాడు. “ప్రాణాలకు తెగించి, శత్రువు మీదికి దూకి...” అని చదవడం మొదలుపెట్టాడు. రంపం గోలలో ఆ పైన ఒక్క ముక్కా వినబడలేదు.

“అమ్మా, ఓ నిమిషం ఆపుతావా?” అని అరిచాడు.

“ఆగుతుంది బాబాయిగారూ, ఇప్పుడు చక్కగా ఆగుతుంది,” అని వినీత పన్నెండో పీట చెక్కను ముందుకు తోసింది.