ఒక్కతీరు పది పిన్నులు

భాగ్యశ్రీకి అన్నింటికంటే ఎక్కువ భయం "రేపటి నుంచి రాకు" అనే మాట. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మాన్పించినప్పుడు ఇంట్లో 'రేపటి నుంచి పోకు' అని అలాంటి మాటే ఒకసారి విన్నది. ఇబ్రహీంపట్నం శివారులో ఉన్న యంత్రాల్లో బిగించే ఇనుప పిన్నులు చేసే ఈ కంపెనీలో కూడా వింటే బిడ్డ బడి సంగతి ఏమవుతుందోనని, పాపకు ఒళ్లు కాలుతున్నా అత్త దగ్గర వదిలి, అందరికంటే ముందు గేటు దగ్గర నిలబడేది.

ఆ రోజూ అలాగే వచ్చింది. సూపర్‌వైజర్ దేవేందర్ ఎదురొచ్చాడు.

"ఇగో భాగ్య, కస్టమర్ సారు వస్తుండు. మన మైక్రోమీటర్ పిన్నుల లావు సక్కగ కొలుస్తుందా లేదా పరీక్ష జేస్తడట. పది పిన్నులు ఏరిపెట్టు."

"ఎట్లాంటియి అన్నా?"

"పిన్నులేరనీకి గూడ నేనే రావాల్నా? జర మంచిగ ఏరు!"

చుట్టాలొస్తే పెచ్చులూడిన కప్పులో ఎవరైనా చాయ్ ఇస్తారా? భాగ్యశ్రీ ట్రేలకు ట్రేలు కుమ్మరించి, ఒక్కొక్కటీ కొలిచి, అచ్చం ఒకేలా ఉన్న పదింటిని పట్టుకుంది. బోనం కుండకు పసుపు రాసినంత భక్తిగా వాటికి నూనె రాసింది. పది పిన్నులూ ఒకే కాన్పులో పుట్టినట్లు మెరిశాయి.

కొలతలు తీసే ముగ్గురు ఆడవాళ్లు వాటిని కలగలిపి మళ్లీ మళ్లీ కొలిచారు. పిన్నుల మధ్య తేడా లేదు కాబట్టి, కంప్యూటరుకు కనిపించిన ఇసుమంత తేడా అంతా కొలిచిన చేతులదే అయింది. ఫెయిల్ అని తెర ఎర్రబడింది.

"మీ కొలతనే నమ్మలేం. సరుకు ఆపండి" అని కస్టమర్ సారు చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. లోడెక్కిన లారీలు గేటు దగ్గరే ఆగాయి.

"ఎవల చెయ్యి గిట్ల జేసింది?" అని దేవేందర్ అరిచాడు. ముగ్గురిలో నిర్మల అంకె వెంట్రుకవాసి పక్కకుంది. అది చాలింది.

"నా చెయ్యి మంచిగనే ఉందన్నా. సూది తే, దారం ఎక్కిస్త సూడు" అంది నిర్మల.

సూది ఎవరూ తేలేదు. మధ్యాహ్నానికి ఆమె చెయ్యి వణుకుతోందన్నారు. వణుకుతోందంటే షుగరేనని తేల్చి, క్యాంటీన్ అనంతమ్మ చక్కెర లేని చాయ్ ఇచ్చింది. "షుగర్ గాదు, నరాలు. మా బామ్మర్దికి గిట్లనే అయింది" అన్నాడు వాచ్‌మన్ దశరథ. "మరి గిప్పుడు ఎట్లున్నడు?" అని అడిగిన వాళ్లకు అతను తలొంచుకొని గేటు తీశాడు. సాయంత్రానికి నిర్మలను ఆఫీసులోకి పిలిచారు. బయటికొచ్చిన ఆమె టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకొని, తన ఊరు మంచాలకు పోయే బస్సెక్కింది.

మర్నాడు కస్టమర్ సారు ఫోన్ చేశాక దేవేందర్ భాగ్యశ్రీ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"ఒక్కతీరువి తెచ్చినవా? ఒక్కతీరువి పెడితే ఏ కొలతైనా ఫెయిలే అయితదట! దినాం వచ్చేటియి అన్నితీర్లయి ఉండాలట, జర లావుయి, జర సన్నయి."

భాగ్యశ్రీ చేతిలోని ట్రే కింద పెట్టింది. "మరి... నిర్మలక్క?"

"చెయ్యి వణుకుడని రిపోర్ట్ పైకి పోయింది. గిప్పుడు ఆమె చెయ్యి మంచిగున్నదంటే నా కుర్సీ వణుకుతది. పో, ఏరుకరా!"

'తప్పు నాది' అనబోయింది. పాప బడి సంచి కళ్ల ముందు మెదిలింది. మళ్లీ ట్రే ఎత్తుకుంది. ఈసారి తప్పు జరగకూడదని ఏకంగా తుక్కు డబ్బాలో చెయ్యి పెట్టింది. చిటికెనవేలంత లావువి, పుల్లల్లాంటివి, వంకరపోయినవి తెచ్చింది. కళ్లు మూసుకొని తడిమినా తేడా తెలిసిపోయే పిన్నులు. అంత తేడా ముందు చేతుల తేడా లెక్కలోకే రాలేదు, తెర పచ్చబడింది. కంపెనీలో ఇంత గొప్ప కొలత ఎన్నడూ లేదని కస్టమర్ సారు అంకెలు చూసి ఫోన్‌లో మెచ్చుకున్నాడు. లారీలు కదిలాయి.

దేవేందర్ జిలేబీ పొట్లం విప్పి మొదటి ముక్క భాగ్యశ్రీకే పెట్టాడు. "ఇగ శాంపిళ్లు నువ్వే ఏరాలె. ఏం ఫికర్ జెయ్యకు, నీ నౌకరి పక్కా."

ఆమె భయపడిన మాట కంపెనీలో ఎవరూ ఆమెతో అనలేదు. నిర్మలతో మాత్రం అనేశారు. ఆదివారం నిర్మలను చూద్దామని మంచాల బస్సు దాకా పోయి, ఎక్కకుండానే రెండుసార్లు వెనక్కి వచ్చింది.

మీరెవరైనా అటు పోతుంటే నిర్మల ఇంట్లో ఒక్కసారి అడుగుపెట్టి, ఎలా ఉందో చూసి రండి. చాయ్ ఇస్తుంది. గ్లాసు అంచుదాకా ఉంటుంది, కింద పళ్లెంలో చుక్క ఉండదు.