డాక్టరు కోసం ఎదురుచూసేవారి రక్తపోటు

సిరుగుప్పలో జరిగిన ఆరోగ్య సమ్మేళనంలో మంత్రిగారు ఒక చారిత్రక ప్రకటన చేశారు. రాష్ట్రావతరణ దినమైన రాజ్యోత్సవం లోపల జిల్లాలో ఏ వైద్యుడి సైటేషన్లు వెయ్యి దాటుతాయో, ఆ వైద్యుణ్ణి బెంగళూరుకు తీసుకుపోయి పరిశోధనా విభాగానికి డైరెక్టరును చేస్తామన్నారు. సభ దద్దరిల్లిపోయింది. చప్పట్లు కొట్టినవాళ్ళలో సైటేషన్ అంటే తెలిసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉండొచ్చు. మంత్రిగారు ఆ ముగ్గురిలో ఒకరో కాదో వేదిక మీదివాళ్ళు బయటపెట్టలేదు.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది వెనక వరుసలో కూర్చున్న నర్సు జయశీల. తాళబావి క్యాంపు అనే పల్లె ఆరోగ్య కేంద్రంలో ఆమె పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. ఆ కేంద్రానికి డాక్టరు ఉన్నాడు, పేరు భీమేష్. మూడేళ్ళుగా పరిశోధనలో ఉన్నాడు కాబట్టి రాడు. పోస్టులో ఉన్నాడు కాబట్టి ఆ చోటికి ఇంకొకరిని వెయ్యరు. జయశీల ఇప్పటికి తొమ్మిది అర్జీలు పెట్టుకుంది. తొమ్మిదింటికీ ఒకటే జవాబు: "సదరు కేంద్రంలో వైద్యుని కొరత లేదు."

పోయిన వానాకాలం గాదిలింగప్ప అనే రైతును వరిమడిలో పాము కరిస్తే, ఆమె ట్రాక్టరులో అతని పక్కన కూర్చుని సిరుగుప్ప దాకా పోయింది. మనిషి బతికాడు. అప్పటి నుంచి ఆమె కోరిక ఒక్కటే. ఆ డాక్టరు రావాలి, లేకపోతే పోవాలి. ఇప్పుడు మంత్రిగారే స్వయంగా పోయే దారి చూపిస్తుంటే చప్పట్లు కొట్టక ఏం చేస్తుంది?

భీమేష్ గారు రాకపోవడానికి సోమరితనం కారణమనుకునేవాళ్ళు సైన్సు తెలియనివాళ్ళు. ఆయన పరిశోధిస్తున్న అంశమే "డాక్టరు కోసం ఎదురుచూసే రోగులలో రక్తపోటు". ప్రతి మంగళవారం కేంద్రం ముందు కూర్చున్నవాళ్ళకు జయశీల గంటకొకసారి బీపీ చూసి ఆ అంకెలు ఫోనులో పంపాలి. ఒకసారి ఆమె ధైర్యం చేసి అడిగింది.

"సార్, ఒక్క మంగళవారం వచ్చిపోండి సార్. జనం అడుగుతాండారు."

"నేనొస్తే వాళ్ళు ఎదురుచూసేది ఆగిపోతాది కదా సిస్టర్. మూడేళ్ళ డేటా ఏం కావల్ల?"

శాస్త్రం ముందు ఎవరైనా తల వంచాల్సిందే. నాట్లు వేసే కూలి దుర్గక్క మోకాలి నొప్పికి మందు కోసం మొదటి మంగళవారం నుంచీ వస్తోంది. పరిశోధనలో ఆమెది పదిహేడో నంబరు. ఇప్పుడు ఆమెకు మోకాలి నొప్పితో పాటు బీపీ కూడా ఉంది. పరిశోధనకు దక్కిన తొలి విజయంగా భీమేష్ గారు దీన్ని పేర్కొన్నారు.

ఆయన మంత్రిగారి తోడల్లుడికి తమ్ముడు కావడం కేవలం యాదృచ్ఛికం. సైటేషన్లు పెంచే బాధ్యతను పార్టీ హొన్నూరుస్వామికి అప్పగించడం కూడా అంతే. హొన్నూరుస్వామి బూత్ ఇన్‌చార్జి. అతని బూత్‌లో పోలింగు ఎప్పుడూ నూటికి తొంభై తొమ్మిదికి తగ్గదు. ఒకసారి నూట రెండు దాకా పోతే అతనే పెద్దమనసుతో తగ్గించాడు. మరుసటి రోజే అతను బండేసుకుని తాళబావి కేంద్రానికి వచ్చాడు.

"అక్కా, మన డాక్టరప్ప స్కోరు ఎంత ఉండాదో తెలుసునా? నాలుగు."

"నాలుగు నూర్లా?" అంది జయశీల.

"ఉత్త నాలుగే. దాంట్లో మూడు ఆయప్ప తనకు తానే పెట్టుకున్నాడంట."

అక్కడే ఊడుస్తున్న ఆయా కొట్రమ్మ చీపురు ఆపింది. "అసలు అది ఏందప్పా, సైటేషన్ అంటే?"

"నువ్వు ఒకటి రాస్తావు. దాంట్లో, ఫలానా పెద్దాయన ఇట్ల చెప్పినాడని ఆయప్ప పేరు ఎత్తుతావు. అంతే. మేము మైకు పట్టుకుంటే ముందు పైలీడరు పేరు ఎత్తుతామే, అట్ల."

"ఎత్తకుంటే?"

"మళ్ళా మైకు ఇయ్యరు."

జయశీల మనసు తేలికపడింది. ఇంత పెద్ద పేరున్న వస్తువు ఇంత తెలిసిన వస్తువని ఆమె అనుకోలేదు. "అయితే రాసే జనం కావల్ల. ఉండారా నీ దగ్గర?" అని అడిగింది. హొన్నూరుస్వామిని అంతవరకూ ఎవరూ అలాంటి మాట అడగలేదు. అతను నొచ్చుకున్నట్టు చూసి, బండి స్టార్ట్ చేసి వెళ్ళిపోయాడు.

వారం తిరక్కుండా కంప్లిలో ఒక అంతర్జాతీయ జర్నల్ వెలిసింది. సంపాదకుడు తాయప్ప, హొన్నూరుస్వామికి బావ. అంతకుముందు వారం దాకా ఆయన పెళ్ళిపత్రికలు, ఫ్లెక్సులు వేసేవాడు. ఇది అంతర్జాతీయం ఎట్లా అవుతుందని జయశీల అడిగితే, "ఆదోనికి, గుంతకల్లుకు కూడా పోతాండాది కదమ్మా, బోర్డరు దాటినట్లే కదా" అన్నాడాయన. నిపుణుల పరిశీలన మాత్రం చాలా కఠినం. తాయప్ప ప్రతి పేపరునూ మూడుసార్లు చదివేవాడు. లోపలి విషయం జోలికి పోయేవాడు కాదు గానీ, పేర్లలో ఒక్క అక్షరం తప్పితే ఎంత గొడవవుతుందో ఆయనకు ముప్పై ఏళ్ళ పెళ్ళిపత్రికల అనుభవం ఉంది.

మొదటి పేపరు చూసి జయశీలకు కళ్ళు తిరిగాయి. రచయితలు అరవై నలుగురు. పైన మంత్రిగారి పెద్ద ఫోటో, దాని కింద చేతులు జోడించి నిలబడిన భీమేష్ గారు. ఇంకా కింద గుండ్రటి ఫోటోల్లో తాలూకా అధ్యక్షుడు, మాజీ అధ్యక్షుడు, కాబోయే అధ్యక్షుడు. అట్టడుగున "పరిశోధనాభివృద్ధి కోరేవారు" అని మరో పద్దెనిమిది మంది. రక్తపోటు గురించి మిగిలిన జాగాలో నాలుగు వాక్యాలున్నాయి.

"ఇంతమంది ఏం చేసినారప్పా దీంట్లో?"

"అభిమానించినారు," అన్నాడు హొన్నూరుస్వామి. "చివర్లో చూడక్కా. నువ్వు, కొట్రమ్మ కూడా ఉండారు. అంకెలు తీసేది మీరు, మిమ్మల్ని ఇడిసిపెడితే దేవుడు మెచ్చడు."

వద్దనాలనుకుంది జయశీల. నిజం చెప్పాలంటే ఆమెకు సంతోషమే అయింది. పదకొండేళ్ళలో తన పేరు అచ్చులో పడడం అదే మొదటిసారి. ఆ కాగితాన్ని ఇంటికి తీసుకుపోయి భర్త నెహెమ్యాకు చూపించి, బైబిల్లో కీర్తనల గ్రంథం దగ్గర దాచుకుంది. కొట్రమ్మ తన కాపీని గోడకు అంటించుకుంది.

ఇక తాలూకాలో విజ్ఞానానికి అడ్డూ అదుపూ లేకుండా పోయింది. పంచాయతీలు ప్రతి తీర్మానానికీ ముందు "భీమేష్ మరియు అరవై ముగ్గురు నిరూపించినట్లుగా" అని చేర్చసాగాయి. ఆ తర్వాతే వీధిదీపం మార్చేది. మహిళా సంఘం వాళ్ళు "ఆవకాయ ఊరేదాకా ఎదురుచూసేవారి రక్తపోటు" అని సొంతంగా ఒక పేపరు రాశారు. అంజినప్ప మాస్టరు బడిలో సెలవుచీటీల్లో కూడా జ్వరం అన్న మాట పక్కన భీమేష్ గారి పేరు ఉండాలన్నాడు. అన్నీ తాయప్ప జర్నల్లో అచ్చయ్యాయి. ప్రతిదాంట్లోనూ అరవై నలుగురి పేర్లు వచ్చాయి.

జయశీల ఇల్లూ వాకిలీ మరిచి తిరిగింది. ఒక ఆదివారం పాస్టరు యేసుదానం గారి దగ్గరికి కూడా పోయింది. ప్రసంగంలో భీమేష్ గారిని ఉదహరించడానికి ఆయన ఒప్పుకోలేదు.

"అపొస్తలుల పక్కన ఆయప్ప పేరు ఎట్ల ఎత్తేదమ్మా? ప్రార్థన అయితే చేస్తా."

హొన్నూరుస్వామి దాన్ని అర సైటేషనుగా రాసుకున్నాడు.

రాజ్యోత్సవానికి ముందురోజుకు స్కోరు పద్దెనిమిది వందల ఆరున్నర. సన్మానం తాళబావి కేంద్రం ముందే పెట్టారు. మూడేళ్ళ తర్వాత భీమేష్ గారు తన కేంద్రానికి వచ్చారు. దారి తెలియక జయశీలకు రెండుసార్లు ఫోన్ చేశారు. కారు దిగగానే దుర్గక్క కుంటుకుంటూ ఎదురుపోయింది.

"డాక్టరప్పా, వచ్చినావా? నా మోకాలు చూడు సామీ."

"నీ నంబరెంతమ్మా?"

"పదిహేడు."

భీమేష్ గారు చటుక్కున మొహం పక్కకు తిప్పుకున్నారు. పదిహేడో నంబరు ఇంకా పరిశోధనలో ఉంది, చూడకూడదు. ఆయన నిష్ఠకు అక్కడున్న విలేకరులు చలించిపోయారు.

మంత్రిగారు మైకు అందుకున్నారు. "ఈ రోజు నుంచి భీమేష్ గారు బెంగళూరులో డైరెక్టరు," అన్నారు. జయశీల కళ్ళు తుడుచుకుంది. దేవుడికి స్తోత్రం చెప్పుకుంది. కొత్త డాక్టరు వస్తే కూర్చోవడానికి కుర్చీ కాలు బాగుచేయించాలని కూడా అనుకుంది.

"అయితే," అన్నారు మంత్రిగారు, "ఈ మట్టి మీద ఆయన మమకారం నాకు తెలుసు. తాళబావిని ఆయన నుంచి ఎవరూ దూరం చేయలేరు. అక్కడ డైరెక్టరుగా ఉంటూనే ఇక్కడి డాక్టరుగా కూడా ఆయనే కొనసాగుతారు."

జనం చప్పట్లు కొట్టారు. జయశీల చేతులు ఒడిలోనే ఉండిపోయాయి. ఆ దెబ్బ నుంచి ఆమె ఇంకా తేరుకోకముందే ఒక అధికారి లేచి మరో కాగితం చదివాడు. పేపరుకు వచ్చిన సైటేషను దాని రచయితలందరికీ చెందుతుంది, ఇది ప్రపంచ నియమం. ఆ లెక్కన ఆరోగ్య శాఖలో వెయ్యి దాటినవాళ్ళు ఇంకా ఇద్దరున్నారు. నర్సు జయశీల, ఆయా కొట్రమ్మ. ఇద్దరినీ పరిశోధన నిమిత్తం బెంగళూరుకు డెప్యుటేషన్ మీద పంపడమైనది.

మెడలో వేసిన దండతోనే జయశీల ఆ అధికారి దగ్గరికి పోయింది. "మరి ఈడ ఎవరుంటారు సార్?"

"ముగ్గురు ఉండారు కదా సిస్టర్. ఒక్క పోస్టు కూడా ఖాళీ లేదు."

"ఆ ముగ్గురూ బెంగళూరులో ఉంటే?"

"రికార్డులో ఈడే ఉంటారు. మీరేం దిగులు పడాకండి."

కొట్రమ్మ మాత్రం ఒక సందేహం అడిగింది. "ఆడ ఊడ్చేది ఉంటాదా సార్?" ఉండదన్నారు. "అయితే నేనెందుకు సార్?" అంది. అధికారి ఆమె వినయాన్ని మెచ్చుకున్నాడు.

మంగళవారం వచ్చింది. జయశీల బెంగళూరు బస్సు ఎక్కలేదు. తాళం తీసింది, కొట్రమ్మ ఊడ్చింది. దుర్గక్క వచ్చి బల్ల మీద కూర్చుంటే జయశీల ఆమె మోకాలికి నూనె రాసి కట్టు కట్టి, ఇక నీ బీపీ ఎవరికీ పంపనక్కా అని చెప్పింది. ఆ మాట చెప్పాక ఆమెకు ఎందుకో ప్రాణం హాయిగా అనిపించింది. గాదిలింగప్ప కూడా వచ్చి, జబ్బేమీ లేకపోయినా కాసేపు కూర్చుని పోయాడు.

రెండు వారాలు అలా గడిచాక తనిఖీ జరిగింది. మూడో రోజు మెమో వచ్చింది. పరిశోధనలో ఉండవలసిన వేళ రోగుల మధ్య పట్టుబడినందుకు మీ మీద చర్య ఎందుకు తీసుకోరాదో సంజాయిషీ ఇవ్వవలసిందిగా అందులో ఉంది. జయశీల ఒక తెల్లకాగితం తీసుకుని, "ఇక్కడ జనం ఎదురుచూస్తున్నారు" అని రాసి సంతకం పెట్టింది.

కాగితం తీసుకుపోవడానికి హొన్నూరుస్వామి వచ్చాడు. దాన్ని తిరగేసి మరగేసి చూశాడు.

"ఒక్క మాటేనా అక్కా?"

"ఇంగేం రాయల్ల చెప్పప్పా?"

అతను కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "చాలు. బాగుండాది. ఇంత చిన్న పేపరు ఇంతవరకు ఎవరన్నా రాసింటారో లేదో."

ఆ శుక్రవారమే అది కంప్లి జర్నల్లో వచ్చింది. మొదటి రచయిత డాక్టర్ భీమేష్ గారు, తర్వాత మంత్రిగారు, ఆ తర్వాత మిగతావాళ్ళు. కొత్తగా ఇద్దరు తాలూకా ఉపాధ్యక్షులు చేరడం వల్ల జాగా చాలక, జయశీల పేరు తీసేశారు.