సదాశివ సార్ టేకు

ఆ ఆదివారం పొద్దున చాయ్ తాగి, ఉప్పుగూడ స్టేషన్ నుంచి ఒక పెట్టె తెచ్చుకోవాలనుకున్నాడు ఛత్రినాకలో ఉండే సైన్స్ టీచరు సదాశివ. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక బందరు నుంచి బదిలీ అయి వచ్చిన తోటి టీచరు ఇస్సాకు, తమ ఊరి జాలరులకు లోతు సముద్రంలో దొరికిన వింత చేపను బడి కోసం తెప్పించాడు. ఆ వైపు అలాంటి చేపను టేకు అంటారు. సదాశివకూ ఆ మాటే అలవాటైంది.

"ఇయాల టేకు వస్తది. గసుంటిది యాడ దొరకది!" అని భార్య సూర్యప్రభతో చెప్పి హుషారుగా బయలుదేరాడు.

సూర్యప్రభకు తెలిసిన టేకు తలుపులు చేసే కర్ర ఒక్కటే. చెదలు పట్టిన వీధి తలుపును చూసి, ఇన్నాళ్లకు ఈయనకు ఇల్లు గుర్తొచ్చిందని మురిసిపోయింది. వెంటనే వడ్రంగి బాలనర్సింహకు కబురు పెట్టింది. అతను వస్తూనే పాత తలుపు ఊడబీకి, పక్కింటి రాజమణికి సంగతి చెప్పాడు. రాజమణి తనకూ ఒక మంచం కావాలంటూ వచ్చి కూర్చుంది. సైన్స్ గది అడిగినప్పుడల్లా "సముద్రం లేని ఊర్ల చేపల పాఠం ఎందుకయ్యా?" అని కసిరే హెడ్మాస్టరు వామన్‌రావు కూడా ఆ మాట చెవినపడి, బడి బెంచీలకు కర్ర మిగులుతుందేమోనని ఆదరాబాదరాగా వచ్చాడు.

తోపుడుబండి వెంట వచ్చిన సదాశివ చూస్తే, ఇంటికి తలుపు లేదు, వాకిట్లో మాత్రం జనం ఉన్నారు.

"ఏంది లొల్లి? దొంగలు పడ్డరా?"

"మీ టేకు కోసమే గద! జల్ది దించుండ్రి," అంది సూర్యప్రభ.

అతను నోరు తెరిచేలోపే బాలనర్సింహ పెట్టె మూత లేపాడు. కుళ్లకుండా పోసిన మందు వాసన గుప్పుమంది. లోపల చాటంత వెడల్పు ఒళ్లు, పొడుగాటి మెత్తని ముక్కు, ముల్లున్న తోక.

"అమ్మో! గిదేంది?" అంటూ రాజమణి అరుగెక్కింది.

"టేకు... చేప," అన్నాడు సదాశివ నీరసంగా.

సూర్యప్రభ ఖాళీ గుమ్మం వైపు చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏం చెప్పి ఓదార్చాలో తెలియక అతను చేప గురించే చెప్పసాగాడు.

"ఎండ సొరని లోతుల ఉంటది. గీ ముక్కుతోని బురదల తిండి దేవులాడుకుంటది. గిసుంటి చేపలకు మొప్పల సందులు అయిదు జతలని పుస్తకంల ఉన్నది. దీనికేమో ఆరున్నయి."

జనం దగ్గరికి జరిగారు. సూర్యప్రభ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వంగి లెక్కపెట్టింది.

"నిజంగనే ఆరు! గంత చీకట్ల ఎట్ల బతుకుతదండీ?"

వామన్‌రావు కూడా రెండుసార్లు లెక్కపెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"సదాశివా, స్టోరు గది ఖాళీ చేయిస్త. రేపటి సంది అది నీ సైన్స్ గది."

"దీనికి బల్ల నేను చేస్త సార్," అన్నాడు బాలనర్సింహ.

"ముందుగాల మా తలుపు పెట్టు," అంది సూర్యప్రభ, నవ్వు ఆపుకోలేక.

సముద్రం అడుగున ఎన్నేళ్లు ఎవరి కంటా పడకుండా బతికిందో గానీ, ఛత్రినాకలో ఆ చేపకు ఒక్క పూట కూడా ఏకాంతం దొరకలేదు.