తప్పక చదవాల్సిన రెండవ సంపుటం

"లోమా దె సాన్ రోకె పౌరులారా! ఈ రోజునుంచి మనది చదివే ఊరు. ప్రతి పౌరుడూ తప్పక చదవాల్సిన పుస్తకం ఒకటుంది. అదేమిటో త్వరలో ప్రకటిస్తాం. ఈలోగా అందరూ చదవడానికి సిద్ధంగా ఉండవలసిందిగా మేయర్ డాక్టర్ ఎలియేసెర్ చపార్రో గారి ఆజ్ఞ!"

పొద్దున పది గంటలకు మైకు కారు ఈ మాట చెప్పుకుంటూ ఊరంతా మూడుసార్లు తిరిగింది. ఎనిమిదింటికి అదే కారు, అదే గొంతుతో, బాగా పండిన అవకాడోలు వచ్చాయని చెప్పి వెళ్ళింది. అందువల్ల కొందరు గృహిణులు బుట్టలు పట్టుకుని బయటికొచ్చి, విషయం తెలుసుకుని, పండనివైనా ఫరవాలేదన్నారు.

మేయరుగారు వైద్యం చదవలేదు. లోమాలో టై కట్టుకున్న ప్రతివాడూ డాక్టరే. వైద్యుణ్ణి మాత్రం పేరు పెట్టి పిలుస్తారు.

పుస్తకాన్ని ఎంపిక చేసే సంఘం ఆ సాయంత్రమే లైబ్రరీలో సమావేశమైంది. ఊళ్ళో ఎప్పుడూ ఖాళీగా ఉండే గది అదొక్కటేనని మేయరుగారి అభిప్రాయం. లైబ్రరీని తొమ్మిదేళ్ళుగా చూసుకుంటున్న, ఊరంతా గౌరవంగా 'దోన్యా' అని పిలిచే ఫిదెలీనా సనాబ్రియా అందరికీ కాఫీ పోసింది. ఆమె రోజూ చర్చిలో ఆరింటి పూజకు వెళ్ళి, ఇంట్లో వంట చేసి, తొమ్మిదింటికల్లా తలుపులు తెరుస్తుంది. ఎవరూ రాకపోయినా తెరుస్తుంది. గుడి తలుపులు మాత్రం జనాన్ని లెక్కపెట్టి తెరుస్తారా అని ఆమె వాదన.

"ఏ పుస్తకం గొప్పది?" అని మేయరుగారు అడిగారు.

"అందరూ గొప్పదనేదే గొప్పది, డాక్టర్," అన్నాడు హెడ్‌మాస్టరు సియాచోకె. ఆయనా డాక్టరే.

"అందరూ దేన్ని గొప్పదంటున్నారు?"

"అది ఇంతవరకూ ఎవరూ అడగలేదు, డాక్టర్."

ఫిదెలీనా కాఫీ కూజా పట్టుకునే, "పుస్తకం ఎవరికండీ?" అంది.

"ఎవరికంటే? అందరికీ!"

"చదివేది ఎవరో తెలిస్తే ఏదివ్వాలో చెప్పగలను. అందరూ అనే ఆవిడ ఇంతవరకూ మన లైబ్రరీకి రాలేదు, డాక్టర్."

మేయరుగారు ఎంతో ఓర్పుగా నవ్వారు. "ఇలాంటి ఆలోచనలవల్లే, దోన్యా, ఈ గది ఇలా ఉంది. శాస్త్రీయంగా పోదాం. ఎక్కువమంది ఏది పట్టుకెళ్ళారో అదే గొప్పది. లెక్క తేలకపోతే, సాన్ రోకె పండుగ తర్వాత ఈ గది పౌరుల ఆనంద విభాగానికి ఇచ్చేస్తాం."

సంస్కృతి కార్యదర్శి యెర్సోన్ అప్పటికే గోడను టేపుతో కొలుస్తున్నాడు. ఆనంద విభాగానికి సోఫా కావాలి మరి.

ఫిదెలీనా ఆ రాత్రి సరిగ్గా తినలేదు. గది పోతే ఆమెకేమీ కాదు; కూతుళ్ళిద్దరూ స్థిరపడ్డారు. కానీ ఒబ్దూలియా ఏమైపోతుంది? ఒబ్దూలియా బజారు మూలన మొక్కజొన్న రొట్టెలు కాలుస్తుంది. రెండు వారాలకోసారి పిండి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "అక్కా, కుక్క ఉండాలి, కానీ చావకూడదు," అంటుంది. ఆవిడ షరతు అదొక్కటే. అందుకోసం ఫిదెలీనా ప్రతి పుస్తకాన్నీ ముందు తానే చివరిదాకా చదువుతుంది. ఒకసారి తప్పనిసరై, కుక్కకు జబ్బు చేసే పుస్తకం ఇవ్వవలసి వచ్చింది. అప్పుడు నూట ఎనభయ్యో పేజీలో, "భయపడకు, కోలుకుంటుంది," అని చీటీ రాసి పెట్టింది. ఒబ్దూలియా ఆ చీటీని ఇప్పటికీ ప్రార్థన పుస్తకంలో దాచుకుంది.

యెర్సోన్ రెండు రోజులు కూర్చుని పుస్తకాల లెక్క తీశాడు. ఒక్క పుస్తకమూ ముందునుంచి తెరవలేదు. ఆ అవసరం లేదు. వెనక అట్ట లోపల అతికించిన కాగితం మీద తేదీ ముద్రలుంటాయి. అవి లెక్కపెడితే చాలు. తీసుకున్నవాళ్ళ పేర్లుండే రిజిస్టరు సొరుగులో ఉంటుంది. దాన్ని అతను అడగలేదు.

రెండో రోజు మధ్యాహ్నం అతను కేక వేశాడు. "దోన్యా! రెండువందల పద్నాలుగు!"

అతని చేతిలో ఇటుకలాంటి నల్ల తోలు అట్ట పుస్తకం ఉంది. వెయ్యినూట నాలుగు పేజీలు. పేరు: 'ప్రతిపాదిత కొండ రైలుమార్గంపై నివేదికలు – రెండవ సంపుటం'. లోమాకు రైలు రాలేదు. మొదటి సంపుటం కూడా రాలేదు.

ఫిదెలీనా కుర్చీలోంచి లేచింది. "నాయనా, ఆ పుస్తకం సెలూన్ అబ్దోన్..."

"సెలూన్ దాకా వెళ్ళిందా!" యెర్సోన్ కళ్ళు మెరిశాయి. "శ్రామికవర్గం కూడా చదువుతోందన్నమాట!" అంటూనే పుస్తకం చంకన పెట్టుకుని మునిసిపాలిటీవైపు పరుగెత్తాడు.

ఆమె చెప్పబోయిన విషయం చాలా చిన్నది. అబ్దోన్ సెలూన్లో కుర్చీ పెద్దవాళ్ళది. చిన్నపిల్లలు కూర్చుంటే తల కత్తెరకు అందదు. దిండు వేస్తే పిల్లవాడు కుంగిపోతాడు, చెక్క వేస్తే జారిపోతాడు. రెండవ సంపుటం వేస్తే కచ్చితంగా సరిపోతాడు. లైబ్రరీ నియమం ప్రకారం ఏ పుస్తకమైనా రెండు వారాలే. అబ్దోన్ నియమం తప్పే మనిషి కాడు. ఎనిమిదేళ్ళ పైనుంచి రెండు వారాలకోసారి తెచ్చి ఇస్తాడు, ముద్ర వేయించుకుని మళ్ళీ తీసుకెళ్తాడు. ఆ పొద్దున కూడా అందుకే తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

మర్నాడు మైకు కారు పేరు ప్రకటించింది. ఆ తర్వాత లోమాలో వచ్చిన సాహిత్య చైతన్యం చూసి తీరాలి.

మేయరుగారు ఆ పుస్తకాన్ని మూడుసార్లు చదివానని, మూడోసారి కన్నీళ్ళు ఆగలేదని చెప్పారు. హెడ్‌మాస్టరు, నిజం చెప్పాలంటే మొదటి సంపుటం కన్నా రెండవదే పరిణతి చెందిన రచన అన్నాడు. కౌన్సిల్ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. మునిసిపాలిటీ గోడ మీద పుస్తకం బొమ్మ వేశారు. చిత్రకారుడు పక్కనే రైలు కూడా వేశాడు, అది ఎటువైపు వెళ్తోందో ఎవరూ అడగలేదు. ఊళ్ళో ఉన్నది ఒకే ప్రతి కాబట్టి, దాన్ని పౌరులందరి చదువు కోసం గాజుపెట్టెలో పెట్టి తాళం వేసి, కానిస్టేబుల్ని కాపలా ఉంచారు. దీంతో అందరికీ మనశ్శాంతి కలిగింది. ఎవరైనా "చదివావా?" అంటే, "మళ్ళీ చదవాలనే ఉంది, పెట్టెలో ఉందిగా," అనవచ్చు.

కష్టమొచ్చింది ఒక్క అబ్దోన్‌కే. ఆయన ఫిదెలీనా పెద్దకూతురికి బాప్తిస్మంలో జ్ఞానతండ్రిగా నిలిచినవాడు. ఆ చుట్టరికంతో వదినా అంటాడు.

"వదినా, పిల్లల జుట్టు ముక్కుదాకా వచ్చేసింది. నిన్న ఒకడు గోడకు గుద్దుకున్నాడు. ఇంకేదైనా మంచి పుస్తకం చెప్పు."

"ఇదుగో అన్నయ్యా, వైద్య నిఘంటువు."

అబ్దోన్ దాన్ని బెంచీ మీద పెట్టి, అరచేత్తో నొక్కి, తనే ఎక్కి కూర్చున్నాడు. "మొదట్లో బాగానే ఉంది. మధ్యలో కుంగుతోంది."

"ఇది ప్రపంచ పటాల పుస్తకం."

"వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ."

"ఇది మన నవలే. ఏడువందల పేజీలు."

"జారుతోంది వదినా. పిల్లలు దీనిమీద నిలవరు." కాసేపు పైఅర వైపు చూశాడు. "బైబిల్ అయితే..."

"అన్నయ్యా!"

"అనలేదులే. రెండవ సంపుటంలాంటిది మళ్ళీ రాదు," అని నిట్టూర్చాడు. ఊళ్ళో ఆ పుస్తకాన్ని మనసారా పొగిడినవాడు ఆయనొక్కడే.

శనివారం ఫిదెలీనా ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకోవడానికి, పాపసంకీర్తనకు వెళ్ళింది. జాలీ అవతల ఫాదర్ నెమెసియో దగ్గారు.

"ఫాదర్, నాకొక నిజం తెలుసు. చెబితే లైబ్రరీ పోతుంది. చెప్పలేదు."

"నిన్నెవరైనా అడిగారా అమ్మా?"

"లేదు ఫాదర్. చెప్పబోతే వినలేదు."

"అడగనిది చెప్పకపోవడం అబద్ధం కాదు. దేని గురించి?"

"ఆ రైలు పుస్తకం గురించి. దాన్ని ఎవరూ..."

"ఆహా, ఆ పుస్తకం!" ఫాదర్ గొంతు మృదువైంది. "సెమినరీలో ఉండగా చదివాను. ఆ చివరి అధ్యాయం ఉంది చూశావూ!"

ఫిదెలీనా జాలీ సందుల్లోంచి ఆయన్ని చూసింది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. ఆమె తనకు ప్రాయశ్చిత్తంగా వేసిన మూడు ప్రార్థనలూ చేసి, ఎందుకైనా మంచిదని ఫాదర్ పేరున మరో రెండు చేసింది. ఇంటికి నడుస్తుంటే ఇంకో సంగతి తట్టింది. ముద్రల కోసం వెనక అట్ట తీయడమే తప్ప, ఆ పుస్తకాన్ని తాను కూడా ఎప్పుడూ తెరవలేదు. తొమ్మిదేళ్ళు ఒకే గదిలో ఉండి పలకరించకపోవడం కూడా పాపమేనేమో.

సాన్ రోకె పండుగ వచ్చింది. ఆ పునీతుడి విగ్రహాన్ని, కాళ్ళ దగ్గరి కుక్కతో సహా, ఊరేగించి చర్చి మెట్ల మీద దింపారు. పక్కనే వేదిక. రాజధాని నుంచి విద్యాశాఖ ప్రతినిధి వచ్చాడు. ఆయన సంచిలో రెండు కాగితాలున్నాయని యెర్సోన్ ఫిదెలీనా చెవిలో చెప్పాడు. ఒకటి లైబ్రరీని చదివే ఊరి చిహ్నంగా కొనసాగించమనేది. రెండోది సోఫాకు అనుమతి. కార్యక్రమం చూశాక దేనిమీద సంతకం చేయాలో ఆయన నిర్ణయిస్తాడు. ఫిదెలీనా జపమాల గట్టిగా పట్టుకుంది.

"ఇప్పుడు," అన్నారు మేయరుగారు మైకులో, "నన్ను ఎన్నోసార్లు ఏడిపించిన ఐదువందల పన్నెండో పేజీని మీకు చదివి వినిపిస్తాను."

గాజుపెట్టె తెరిచారు. మేయరుగారు పుస్తకం మధ్యలో వేళ్ళు పెట్టి తెరవబోయారు. తెరుచుకోలేదు. ఇంకోచోట పెట్టారు. అక్కడా అంతే. పాతకాలపు ప్రెస్సువాళ్ళు పెద్ద కాగితాలు మడతపెట్టి కుట్టి ఇచ్చేవాళ్ళు. అంచులు చదివేవాళ్ళు కత్తితో కోసుకోవాలి. ఇందులో ఒక్క అంచూ కోసి లేదు. వెయ్యినూట నాలుగు పేజీలూ అచ్చయిననాటి మాదిరే, తల్లి కొంగు పట్టుకున్న పిల్లల్లా ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉన్నాయి.

బాండువాళ్ళు ఊదడం మానేశారు. ప్రతినిధి వాచీ చూసుకున్నాడు.

"ఏమైంది డాక్టర్?" అన్నాడు.

"భావోద్వేగం," అన్నారు మేయరుగారు.

అప్పుడు జనంలోంచి అబ్దోన్ వచ్చాడు. పండుగ రోజు కూడా క్షవరం కత్తి జేబులో ఉండే మనిషి. కత్తి విప్పి, అలవాటుకొద్దీ అరచేతి మీద రెండుసార్లు నూరి, "కదలకండి డాక్టర్," అని మడత మీద ఒక్క గీత గీశాడు. కరకరమంటూ పేజీ విడిపోయింది. ఐదువందల పన్నెండు కాదు. దానికి దగ్గరలోని ఐదువందల ఆరు.

మేయరుగారు గొప్ప వక్త. చేతికి కాగితం అందితే చాలు, అందులో ఏముందో చూసుకోకుండానే ఉద్వేగంతో చదవగలరు. చెయ్యి పైకెత్తి, గొంతు వణికించి మొదలుపెట్టారు:

"'రైలుమార్గం సర్వేలో భాగంగా లోమా దె సాన్ రోకె ఊరి పెద్దలను విచారించాం. మా నివేదికల మొదటి సంపుటాన్ని అందరూ శ్రద్ధగా చదివామన్నారు. ఇద్దరు రెండేసిసార్లు చదివామన్నారు. మొదటి సంపుటం మేమింకా రాయలేదు. ఇక రాయవలసిన అవసరం కూడా కనిపించడం లేదు.'"

ఎక్కడో కుక్క ఒకటి మొరిగింది.

"అద్భుతం!" అని హెడ్‌మాస్టరు లేచి చప్పట్లు కొట్టాడు. ఫాదర్ కళ్ళు తుడుచుకున్నారు. జనం ఈలలు వేశారు. బాండు అందుకుంది. ప్రతినిధి మేయరుగారి చెయ్యి పట్టుకుని ఊపుతూ, "శైలి! ఆ శైలి చూడండి! మేం మంత్రిత్వశాఖలో ఎప్పుడూ అనుకుంటూనే ఉంటాం," అన్నాడు. రెండు కాగితాల్లో ఏది పైకి వచ్చిందో ఫిదెలీనాకు కనిపించలేదు. సంతకం చేయడం మాత్రం కనిపించింది.

మర్నాడు పొద్దున మైకు కారు తిరిగింది.

"పౌరులారా! రెండవ సంపుటమే ఇంత గొప్పదైతే మొదటిది ఎంత గొప్పదో ఊహించండి. ఇకమీదట మనం తప్పక చదవాల్సిన పుస్తకం మొదటి సంపుటం. అది దొరికేవరకూ లైబ్రరీని మూయరాదని కౌన్సిల్ తీర్మానించింది. అవకాడోలు సాయంత్రం వస్తాయి."

యెర్సోన్ వచ్చి, రెండవ సంపుటాన్ని తిరిగి బల్ల మీద పెట్టి, గోడ మీద సోఫా కోసం పెన్సిలుతో గీసిన గీతను రబ్బరుతో తుడిచేసి వెళ్ళాడు. ఫిదెలీనా అతనికి ఏదో చెప్పాలని నోరు తెరిచింది. అతను అడగలేదు. మళ్ళీ మూసుకుంది.

పదకొండింటికి అబ్దోన్ వచ్చాడు. ఆయన వెనక, కళ్ళ మీద జుట్టు పడుతున్న పిల్లలు ఆరుగురు. ఆమె రెండవ సంపుటం వెనక అట్ట తీసి రెండువందల పదిహేనో ముద్ర వేసింది.

"రెండు వారాలు, అన్నయ్యా. ఆలస్యం చేయకు."

"ఎప్పుడైనా చేశానా వదినా?"

ఆయన వెళ్ళాక ఒబ్దూలియా పిండి చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చింది.

"అక్కా, ఆ మొదటి సంపుటం అంటున్నారే, అందులో కుక్క ఉందా?"

ఫిదెలీనా ముద్ర పక్కన పెట్టింది. అబద్ధం ఆడకూడదు కదా.

"అందులో ఒక్క కుక్క కూడా చావదు, ఒబ్దూలియా."

"అయితే దొరగ్గానే ముందు నాకే ఇవ్వాలి."

ఫిదెలీనా సొరుగులోంచి రిజిస్టరు తీసి, గుండ్రటి అక్షరాలతో ఆమె పేరు రాసుకుంది.