మామగారి రెండో వీడ్కోలు

సోమవారం పొద్దున్నే కాఫీ తాగేసి, కెమెరాలోని ఫోటోలను కంప్యూటర్‌లోకి ఎక్కించి, పది గంటలకల్లా మామగారికి పంపేయాలని అల్లుడు అనుకున్నాడు. శనివారం మామగారి పదవీ విరమణ సభ జరిగింది. ముప్పై నాలుగేళ్లు ఒకే అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషికి వీడ్కోలు ఒక్కసారే ఉంటుంది. ఫోటోలు తీసే పనిని అల్లుడు అడిగి మరీ నెత్తినేసుకున్నాడు. అత్తవారింట అతనికి కంప్యూటర్లు తెలిసినవాడని పేరు. మొరాయించిన కంప్యూటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ వెలిగించడంతో వచ్చిన పేరు అది.

కెమెరాకు తీగ తగిలించాడు. ఫోటోలు లేవంది కంప్యూటరు. తీగ పీకి, చొక్కాకు తుడిచి, మళ్లీ గుచ్చాడు. లేవంది. కెమెరాలోనే నొక్కి చూస్తే అదీ అదే మాట అంది. అల్లుడి పైప్రాణాలు పైనే పోయాయి. పోయినవి ఫోటోలే అయితే ఎలాగో తట్టుకునేవాడు, వాటితో పాటు పేరు కూడా పోయేలా ఉంది. ఉద్యోగానికి వెళ్లిన భార్యను అడగవచ్చు గానీ, అది కొరివితో తల గోక్కోవడమే. వార్త క్షణాల్లో పుట్టింటికి చేరిపోతుంది. అందుకని మామగారికే ఫోన్ చేశాడు.

"మావయ్యగారూ, శనివారం హాల్లో వెలుతురు సరిపోలేదండీ. ఇంకోసారి తీసుకుంటే బాగుంటుంది."

"ఎన్ని ఫోటోలు అల్లుడుగారూ?"

"అన్నీనండీ."

"సరే, చొక్కా ఇస్త్రీ చేసుకుని వస్తాను."

మామగారొక్కరే నిలబడితే అది వీడ్కోలు కాదు కాబట్టి, పక్కన నిలబడమని అచ్చాఫీసు మేనేజరును బతిమాలాడు అల్లుడు. ఉత్తినే పెదాలు ఆడిస్తే ఫోటోలో తెలిసిపోతుందని, ప్రసంగం మొత్తం చేస్తానన్నాడు మేనేజరు. ప్రసంగం ఉంటే వినేవాళ్లు ఉండాలి. మిషన్లు ఆపి పనివాళ్లు పదకొండు మందినీ హాల్లో కూర్చోబెట్టారు. శనివారం కళ్లు తుడుచుకున్న బైండరు ఈసారి ఆవలించాడు. అల్లుడు వెళ్లి చెవిలో చెప్పాక మళ్లీ తుడుచుకున్నాడు. నడి ప్రసంగంలో మామగారు చెయ్యెత్తారు.

"'నిరంతరం ఎల్లప్పుడూ' అన్నారండీ. రెంటిలో ఒకటి తీసేయండి."

మేనేజరు తీసేసి, మొదటినుంచి చెప్పాడు. అల్లుడు నూట ఇరవై సార్లు నొక్కాడు.

సాయంత్రం ఇంటికొచ్చిన భార్య, బల్ల కింద ఉన్న కంప్యూటర్‌లోంచి గోరంత కార్డును బయటికి లాగింది.

"పొద్దున్నే ఫోటోలన్నీ ఎక్కించేశానండీ. ఏడింటికే నాన్న చూసేశారు కూడా. కార్డు తిరిగి కెమెరాలో పెట్టడం మర్చిపోయా. ఏం, మీకు పనిపడిందా?"

పగలంతా తను నొక్కింది కార్డు లేని కెమెరా అని అల్లుడికి అర్థమైంది. కక్కలేక మింగలేక మామగారింటికి పరుగెత్తాడు.

"మావయ్యగారూ, ఫోటోలు పొద్దున్నే చూశారటగా. మరి ఎందుకొచ్చారు?"

"శనివారం ఏడుపు ఆపుకోవడంతోనే సరిపోయింది అల్లుడుగారూ. నా గురించి ఏం చెప్పారో ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. మళ్లీ చెబుతామంటే ఎవరు కాదంటారు?"

అల్లుడికి సిగ్గేసింది, ఆయన మీద ప్రేమా పుట్టుకొచ్చింది. అబద్ధం చెప్పినందుకు క్షమించమన్నాడు. మామగారు క్షమించి టీ ఇచ్చారు.

అంతలో మేనేజరు ఫోన్ చేశాడు. దిద్దాక ప్రసంగం అద్భుతంగా వచ్చిందట, హాల్లో పటం కట్టించడానికి ఇవాళ్టి ఫోటోలే కావాలట.